ముల్లు నిలవని మైదానం

కరోనా సెలవులు ముగిసి తరగతులు మళ్లీ పూర్తిగా మొదలైన రెండో ఏడాది జూలైలో, నన్ను మా కాలేజీ భూగోళశాస్త్ర విభాగానికి అధిపతిగా వేశారు. జంషెడ్‌పూర్‌లో డిగ్రీ, పీజీ రెండూ ఉన్న కాలేజీ. నా హోదా అసోసియేట్ ప్రొఫెసర్. పదవీ విరమణకు అప్పటికి పదకొండు నెలలుంది. విభాగాధిపతి అంటే బయటివాళ్లకు పెద్ద మాటలాగే వినిపిస్తుంది. మంజూరైన ఆరు పోస్టుల్లో నాలుగు ఖాళీగా ఉన్నచోట దాని అర్థం వేరు. పాఠం చెప్పాలి, హాజరు వేయాలి, పోర్టల్లో వివరాలు ఎక్కించాలి, తనిఖీ బృందం వస్తోందంటే పాత పటాలకు దుమ్ము కూడా దులపాలి. నాతోపాటు ఉన్న ఇంకో అధ్యాపకుడిని సగం రోజులు పరీక్షల డ్యూటీకి పంపేవారు. మిగిలిన పని గంటల లెక్కన వచ్చే ఇద్దరు యువకులు చూసేవారు. పాపం, వాళ్లకు ఆ ఉద్యోగం వచ్చే నెల ఉంటుందో లేదో తెలియదు.

నా పాఠం గురించి నాకు కాస్త గర్వం ఉండేది. అది ముందే ఒప్పుకోవాలి. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి టాటానగర్ రైల్వేలో పనికి వచ్చినవాడు. నేను ఇక్కడే పుట్టాను. ఈ ఊరి నేల, నీరు, వాలు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకునేవాణ్ణి. భూగోళం పుస్తకంలో ఉండదని, కాళ్లతో నడిచి చూడాలని ప్రతి బ్యాచికీ మొదటిరోజే చెప్పేవాణ్ణి. దాదాపు ముప్ఫై ఏళ్లపాటు చెప్పినట్టే చేశాను కూడా. ఖర్కాయి నది ఒడ్డుకు పిల్లల్ని తీసుకెళ్లి, ఒక్కొక్కరి పక్కన నిలబడి, వాళ్లు కంపాస్‌లో చూసిన అంకెను నేనూ చూసి, అప్పుడే పుస్తకంలో రాయనిచ్చేవాణ్ణి.

ఎం.ఏ. నాలుగో సెమిస్టర్లో ప్రాక్టికల్స్‌కు ప్రిజ్మాటిక్ కంపాస్ సర్వే ఉంటుంది. తెలియనివారి కోసం రెండు మాటలు. ఒక ఖాళీ స్థలం చుట్టూ ఐదారు చోట్ల గుర్తు కర్రలు పెడతాం. వాటిని స్టేషన్లంటాం. ఒక స్టేషన్ దగ్గర ముక్కాలి స్టాండు మీద కంపాస్ పెట్టి, తర్వాతి స్టేషన్ ఉత్తరానికి ఎన్ని డిగ్రీల్లో ఉందో చూస్తాం. అది ముందు బేరింగు. అక్కడికి వెళ్లి వెనక్కి తిరిగి పాత స్టేషన్‌ను చూస్తే వచ్చేది వెనక బేరింగు. ఈ రెంటికీ తేడా సరిగ్గా నూటఎనభై డిగ్రీలుండాలి. అర డిగ్రీ అటూ ఇటూ అయితే ఫరవాలేదు. తేడా అంతకు మించితే చూసినవాడి కన్ను చెడ్డదో, కంపాస్ సమంగా నిలబెట్టలేదో, లేదంటే దగ్గర్లో ఇనుమేదైనా ముల్లును లాగుతోందో అన్నమాట. ఈ మూడోదాన్ని మావాళ్లు లోకల్ అట్రాక్షన్ అంటారు. చూసిన అంకెలన్నీ ఫీల్డ్ బుక్ అనే చిన్న పుస్తకంలో పెన్సిలుతో రాయాలి.

ఆ ఏడు నా మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. దానికితోడు పోర్టల్ గడువులు. నదికి వెళ్లే ఓపిక లేక, కాలేజీకి నడిచివెళ్లేంత దూరంలో ఉన్న ఒక మైదానాన్ని ఎంచాను. అక్కడికి కూడా సరిగ్గా వెళ్లలేదు. మొదటిరోజు రోడ్డు పక్కనే నిలబడి ఐదు స్టేషన్లు ఎక్కడెక్కడో చేత్తో చూపించి, ఒక్కొక్కరూ వంతులవారీగా కొలవండని చెప్పి, చేతులు దులుపుకుని వచ్చేశాను. విద్యార్థులు ఎనిమిదిమంది. రెండు వారాల్లో ఎనిమిది ఫీల్డ్ పుస్తకాలు నా బల్ల మీదకు వచ్చాయి.

ఏడు పుస్తకాలు ముచ్చటగా ఉన్నాయి. రెండు స్టేషన్లను కలిపే ప్రతి గీతకూ తేడా నూటఎనభై, మహా అయితే అర డిగ్రీ ఎక్కువో తక్కువో. ఎనిమిదోది గౌరిది. ఆ అమ్మాయిది బిర్సానగర్ బస్తీ. తండ్రి అప్పన్న గమ్హరియాలో ఒక కార్ఖానాలో కాంట్రాక్టు పని చేసేవాడు. తెలుగు కుటుంబమే. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేది. ఆ వయసువాళ్లందరూ అంతే, దానికి నేను అలవాటు పడిపోయాను. తరగతిలో ఎక్కువ మాట్లాడేది కాదు. ఆమె పుస్తకంలో ఒక్క గీత కూడా కుదరలేదు. ఒకచోట నూటఎనభైకి ఆరు డిగ్రీల తేడా, ఒకచోట తొమ్మిది, ఇంకోచోట నాలుగున్నర.

పిలిచి మళ్లీ కొలిచి రమ్మన్నాను. మూడోరోజు తెచ్చింది. దాదాపు అవే అంకెలు. కంపాస్ సమంగా పెడుతున్నావా అని అడిగాను. తల ఊపింది. మిగతా ఏడుగురికీ కుదిరింది నీకొక్కదానికే ఎందుకు కుదరలేదన్నాను.

"సర్, సుయీ వహాఁ ఠహర్‌తీ హీ నహీఁ. హర్ జగహ్ అలగ్ ఘూమ్ జాతీ హై," అంది. ముల్లు అక్కడ నిలవడమే లేదు, ఒక్కో చోట ఒక్కోలా తిరిగిపోతోంది అని.

నేనా మాట చెవిన పెట్టలేదు. ఇన్నేళ్లలో వెయ్యి సాకులు విన్నాను, ఇదీ వాటిలో ఒకటి అనుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే అలిసిపోయి ఉన్నాను. ఆ సాయంత్రమే మార్కులు వేశాను. ముప్ఫైకి ఏడుగురికి ఇరవయ్యారూ ఇరవయ్యేడూ, గౌరికి పదకొండు. పోర్టల్లో ఎక్కించి లాక్ అన్న మీట నొక్కాను. ఒకసారి లాక్ చేశాక అధ్యాపకుడు మార్చలేడు.

పదకొండంటే ఆమెకు ఏమవుతుందో నేను ఆలోచించలేదు. మొత్తం మీద యాభై అయిదు శాతం రాకపోతే జనరల్ కేటగిరీవాళ్లకు కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష రాసే వీలుండదు. గౌరి పుట్టిన కులానికి ఆంధ్రలో రాయితీ ఉంది. ఇక్కడ ఆ ధ్రువపత్రం కావాలంటే తాతల నాటి భూమి కాగితాలు చూపించమంటారు. బతకడానికొచ్చినవాళ్లకు అవెక్కడివి? కాబట్టి మా పిల్లలు చాలామంది ఇక్కడ జనరల్ లెక్కే. గౌరి అప్పటిదాకా యాభై అయిదుకు కాస్త పైన నెగ్గుకొస్తోంది. నా పదకొండుతో యాభై నాలుగు చిల్లరకు పడిపోయింది. అధ్యాపకురాలు కావాలన్న కోరిక ఆ అమ్మాయికి ఉందని కూడా నాకు తర్వాతే తెలిసింది. మార్గదర్శి అని సంతకం పెట్టేవాణ్ణి, ఒక్కసారైనా ఏమవ్వాలనుకుంటున్నావమ్మా అని అడిగిన పాపాన పోలేదు.

మార్కులు కనిపించిన రెండోరోజు మధ్యాహ్నం అప్పన్న నా గదికి వచ్చాడు. పొద్దుటి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, హెల్మెట్ చేతిలోనే ఉంది. గౌరి తలుపు బయటే నిలబడిపోయింది. కూర్చోమంటే అతను కూర్చోలేదు.

"మేస్టారూ, నానేటీ గొడవ సెయ్యడానికి రానేదండీ. మా గుంట ఏటి తప్పు సేసిందో ఒక్కపాలి సెప్పండి సాలు. రెండు నాగాలెట్టి నానే దాని కూడా ఎల్లి ఆ కర్రలు పట్టుకున్నాను. ఎండలో ఏడుసార్లు సూసింది. రాసింది రాసినట్టే రాసింది."

ముల్లు కుదరలేదని, పక్కవాళ్లందరికీ కుదిరిందని చెప్పాను. ఎక్కడ కొలిచారో నాకు తెలుసా అని అడిగాడు. మైదానం పేరు చెప్పాను. అతను నా ముఖంలోకి వింతగా చూశాడు.

"అక్కడ ముల్లు కుదరదని మీరంటే ఇప్పుడు తట్టింది నాకు. ఆ నేలడుగున మట్టెక్కడిదండీ? అదంతా నా సిన్నప్పుడు గొయ్యి. డంపర్లెట్టి స్లాగ్ పోసి పూడ్సినారు. ఇనపముద్దలు కూడా అందులోనే కలిసిపోనాయి. దుర్గాపూజ పండాలుకి గుంజలు పాతేమంటే గడ్డపార దిగదు, కణేల్‌మంటాది. బస్తీలో అందరికీ ఎరికే."

స్లాగ్ అంటే ఉక్కు కరిగించాక మిగిలే చిట్టెం. దానితోపాటు గడ్డకట్టిన ఇనుమూ వస్తుంది. అలాంటి నేల మీద కంపాస్ పెట్టమని చెప్పడమంటే కాటా కింద చెయ్యి పెట్టి తూకం వేయమనడమే. ఈ ఊళ్లో పుట్టి, ముప్ఫై ఏళ్లు ఇక్కడి నేల గురించే పాఠం చెప్పినవాడికి ఆ సంగతి తెలియదు. గుంజలు పాతినవాడికి తెలుసు. రేపు కనిపించమని చెప్పి పంపించాను.

వాళ్లు వెళ్లాక గౌరి పుస్తకం మళ్లీ తెరిచాను. నేను మొదటిరోజే చేసి ఉండాల్సిన లెక్క ఒకటుంది. ఒకే స్టేషన్ దగ్గర నిలబడి అటొకటి ఇటొకటి చూసిన రెండు బేరింగులనూ ఇనుము ఒకే మేరకు పక్కకు లాగుతుంది. కాబట్టి బేరింగులు తప్పయినా వాటి మధ్య కోణం మాత్రం మారదు. ఐదు స్టేషన్ల కోణాలూ కలిపితే అయిదువందల నలభై డిగ్రీలు రావాలి. ఇది బి.ఏ. పాఠం. ఐదు నిమిషాలు కూడా పట్టదు. గౌరి అంకెలతో కట్టాను. పావు డిగ్రీ తక్కువగా అయిదువందల నలభై వచ్చింది. రెండోసారి కొలిచినవాటితో కట్టినా అంతే. ఊహించి రాసేవాళ్లకు ఇలా రాదు. అంత ఎండలో, తిరిగిపోయే ముల్లుతో, అంత శ్రద్ధగా చూసిన విద్యార్థి నాకు ఆ మధ్య పదేళ్లలో తగల్లేదు.

మర్నాడు పొద్దున్న ఆటోలో మైదానానికి వెళ్లాను. గౌరి స్టాండు మోసింది. ఐదు స్టేషన్ల దగ్గరా నేనే కన్ను పెట్టి చూశాను. మూడో స్టేషన్ దగ్గర స్టాండును రెండడుగులు జరిపితే చాలు, ముల్లు మూడు డిగ్రీలు పక్కకు పోయింది. ఐదింటిలో ఒక్కటి కూడా శుభ్రమైన చోటు కాదు. నా అంకెలూ గౌరి అంకెలూ ఒకటే. ఆ అమ్మాయికి మొహం చూపించడం కష్టమైపోయింది. తప్పు నాదమ్మా అన్నాను. ఆమె స్టాండు మడిచి భుజాన వేసుకుంది.

గౌరి పుస్తకం నిజమైతే మిగతా ఏడు పుస్తకాల సంగతేమిటి? అక్కడ ఎవరు కొలిచినా నూటఎనభై రాదు. ఏడుగురినీ పిలిచాను. ముందు బేరింగు చూసి, వెనకది ఇంట్లో కూర్చుని నూటఎనభై కలిపి రాశామని చివరికి ఒప్పుకున్నారు. నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ నేను చెప్పిందేమిటి, మీరు చేసిందేమిటి అని కేకలేశాను. వాళ్లలో చురుకైన కుర్రాడు తలొంచుకునే అన్నాడు:

"సర్, సచ్ లిఖ్‌తే తో ఆప్ గ్యారహ్ దేతే."

నిజం రాస్తే మీరు పదకొండే ఇచ్చేవారు అని. గౌరి మార్కులు అప్పటికే అందరూ చూశారు. వాళ్లను పంపించేశాను.

జరిగినదంతా రెండు పేజీల ఉత్తరంగా రాశాను. స్థలం ఎంపిక నా పొరపాటని, పర్యవేక్షణ చేయకపోవడం నా లోపమని, ఈ విద్యార్థినికి ఇరవయ్యెనిమిది మార్కులు రావాలని. ప్రిన్సిపాల్ చదివి, ఇంత వివరంగా అవసరమా అంటూనే పైకి పంపడానికి సంతకం పెట్టారు. బిష్టుపూర్‌లో బస్సెక్కి విశ్వవిద్యాలయం పరీక్షల విభాగానికి నేనే పట్టుకెళ్లాను. అక్కడి సెక్షన్ అధికారి నాకంటే పదేళ్లు చిన్నవాడు, మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. ఉత్తరం రెండుసార్లు చదివాడు.

అతను చెప్పింది ఇది. లాక్ అయిన ఇంటర్నల్ మార్కులను తిరిగి మూల్యాంకనం చేయడానికి నిబంధన లేదు. సవరణ దరఖాస్తుకు ఒప్పుకునే కారణాలు రెండే: కూడికలో పొరపాటు, ఎంట్రీలో పొరపాటు. పైగా ఈ ఉత్తరం ఫైల్లోకి వెళ్తే ఏడుగురి రికార్డు తప్పుడుదని విభాగాధిపతే రాసి ఇచ్చినట్టవుతుంది. పేపరు మొత్తం రద్దుచేసి అందరికీ మళ్లీ పెట్టాలి. అది జరిగేదాకా ఎనిమిదిమంది ఫలితాలూ ఆగిపోతాయి. అర్హత పరీక్ష దరఖాస్తు గడువు మూడు వారాల్లో ముగుస్తుంది. అంటే ఎవరికోసమైతే వచ్చానో ఆ అమ్మాయికే ముందుగా నష్టం. ఉత్తరం మడిచి నా చేతికిచ్చి, ఎంట్రీ పొరపాటని ఒక లైను రాసి తెండి సార్, ఎల్లుండికల్లా అయిపోతుంది అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. నాకు సాయమే చేస్తున్నాడు.

తిరుగు బస్సులో నాకు నేను చాలా రకాలుగా నచ్చజెప్పుకున్నాను. ఏడుగురిలో నలుగురివి గౌరి ఇంటిలాంటి ఇళ్లే. వాళ్ల తప్పుకు సగం కారణం నేను. నెలన్నరలో రిటైరయ్యేవాణ్ణి, ఎనిమిది కుటుంబాలను కష్టపెట్టి వెళ్లాలా? ఇవన్నీ నిజమైన కారణాలే. వాటి వెనక ఇంకొకటి కూడా ఉంది. మళ్లీ పరీక్ష అంటే విచారణ, విచారణ అంటే కాగితాలు. అంత ఓపిక నాలో మిగల్లేదు.

సవరణ దరఖాస్తులో విద్యార్థి సంతకం కూడా ఉండాలి. మర్నాడు తండ్రీ కూతుళ్లను పిలిచి ఫారం ముందు పెట్టాను. కారణం అన్నచోట నేనే నింపేశాను: ఇరవయ్యెనిమిదికి బదులు పొరపాటున పదకొండుగా ఎంట్రీ అయినది. గౌరి చదివింది. పెన్ను తీసుకోలేదు.

"సర్, ఎంట్రీ మేఁ తో గల్తీ నహీఁ థీ," అంది.

అవునమ్మా, ఎంట్రీలో పొరపాటేమీ లేదు అన్నాను. పరీక్షల విభాగంలో జరిగిన మాటలన్నీ చెప్పాను. నిజం రాసి పంపితే పేపరు రద్దవుతుంది, నీ గడువు పోతుంది, నువ్వు వద్దంటే ఆ ఉత్తరమే పంపుతాను, నిర్ణయం నీదే అన్నాను. ఇరవైమూడేళ్ల పిల్ల మీద నిర్ణయం మోపడం కూడా ఒక రకంగా తప్పించుకోవడమేనని అప్పుడు తట్టలేదు.

అప్పన్న ఆమె పక్కకు వంగి మెల్లగా అన్నాడు. "సంతకం ఎట్టీమ్మా. మేస్టారు నీ మంచికే సెప్తన్నారు. ఇంకేటి సేత్తాం, సెప్పు?"

ఆమె తండ్రి వైపు ఒకసారి, ఫారం వైపు ఒకసారి చూసింది. సంతకం పెట్టింది. మూడోరోజు పోర్టల్లో పదకొండు ఇరవయ్యెనిమిదైంది. గౌరి గడువులోపల దరఖాస్తు పెట్టుకుంది. మొదటిసారి కాకపోయినా రెండోసారికి పరీక్ష నెగ్గింది. ఇప్పుడొక కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతోంది. అప్పుడప్పుడు ఫోన్ చేసి నా మోకాళ్ల గురించి అడుగుతుంది. ఆ ఫారం ఊసు నేనూ ఎత్తను, తనూ ఎత్తదు.

పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నవారికి ఈ ఉదంతం నుంచి నేను చెప్పగలిగింది తక్కువే. విద్యార్థి పుస్తకంలో తేడా కనిపిస్తే ముందు స్థలానికి వెళ్లి చూడాలి, ఆ తర్వాతే విద్యార్థిని అడగాలి. మిగతా అందరికీ ఒకే జవాబు రావడం దేనికీ రుజువు కాదు. ఇవి రెండూ నాకు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే తెలుసు. తెలిసినవాటిని చివరి ఏడాది దాకా చేయడమే కష్టం. ఆ బ్యాచిలో చూసింది చూసినట్టు రాసినది ఒక్క గౌరే. ఆమె చేత మొదటి తప్పుడు ఎంట్రీ కింద సంతకం పెట్టించింది నేను, ఆమె గురువును.